లైసెన్సు పర్మిట్ రాజ్ గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ లైసెన్సు పర్మిట్ రాజ్ గారి సముఖమునకు,

విషయం: ఫ్యాక్టరీ పెట్టాలన్నా సరుకు చేయాలన్నా సర్కారు అనుమతి తప్పదన్న ఆ పాత పద్ధతి అయిన తమరు మళ్ళీ రావద్దని ప్రార్థన.

అయ్యా,

ఈ అర్జీ మూడు ప్రతుల్లో పంపుకుంటున్నాను. ఒకటి తమరికి, ఒకటి తమ పైవారికి, మూడోది తమ ఆఫీసులో పోగొట్టుకోవడానికి.

సోషలిజం వస్తే ఉన్నవాడూ లేనివాడూ ఒక్కటైపోతారని ఈ మధ్య కుర్రకారు మళ్ళీ ముచ్చటపడుతున్నారు. తప్పు వాళ్ళది కాదు. తమ కొలువు చూడలేదు పాపం. 1955లో మద్రాసు పక్కన ఆవడిలో కాంగ్రెస్ వారు సోషలిస్టు తరహా సమాజం తెస్తామని తీర్మానించారు. 1951 నాటి పరిశ్రమల చట్టం అప్పటికే చేతిలో ఉంది. ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్సు, పెంచాలంటే లైసెన్సు, ఉన్న ఫ్యాక్టరీలోనే కొత్త సరుకు చేయాలన్నా లైసెన్సు. రాసిచ్చిన లెక్కకు మించి తయారు చేస్తే నేరం. జనం స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంటే, స్కూటర్లు ఎక్కువ చేయడం తప్పు! దొంగసారా కాచేవాణ్ణీ స్కూటర్లు ఎక్కువ చేసేవాణ్ణీ ఒకే గాటన కట్టిన ప్రభుత్వం తమది.

సమానత్వం సంగతికొద్దాం. క్యూలో అందరూ సమానమే, ఒప్పుకుంటాను. పక్క తలుపు మాత్రం కొందరికే తెరుచుకునేది. ఎంపీ గారి కోటా ఉంటే ఇంటికి ఫోనొచ్చేది, గ్యాస్ వచ్చేది. ఇల్లు కట్టుకునేవాడు సిమెంటు పర్మిట్ కోసం తాలూకా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, కాంట్రాక్టరుకు బస్తాలు రాత్రికి రాత్రే దిగేవి. ఇక పెద్ద వ్యాపారుల్ని అదుపులో పెట్టడానికే కదా తమ అవతారం? 1967లో ఆర్థికవేత్త ఆర్.కె. హజారీ గారు లెక్కలు తీస్తే తేలిందేమిటి? లైసెన్సుల్లో సింహభాగం బిర్లాల వంటి పెద్ద వ్యాపార కుటుంబాలకే చేరింది. ఇంకొకడు ఆ రంగంలోకి రాకుండా వాళ్ళు ముందే దరఖాస్తులు పెట్టి కూర్చున్నారు. ఢిల్లీలో మనిషిని పెట్టుకోగలిగినవాడికే కదా ఫైలు కదిలేది!

చిన్నవాణ్ణి కాపాడదామని అదే ఏడు కొన్ని వస్తువుల్ని చిన్న పరిశ్రమలకే కేటాయించడం మొదలుపెట్టారు. ఆ జాబితా పోనుపోను 800 దాటింది. అందులో ఊరగాయలున్నాయి! అగరుబత్తీలు, కొవ్వొత్తులు, గాజులు, తాళం కప్పలు, బట్టల సబ్బు కూడా. దేశ ప్రణాళిక రాసే మేధావులు మామిడికాయ ముక్కకు కాపలా కాశారన్నమాట. పచ్చడి పెట్టేవాడు ఎదిగితే ఆ రక్షణ పోతుంది, కాబట్టి వాడు తెలివిగా ఎదగడం మానేశాడు. తమరు గద్దె దిగాక కూడా ఈ జాబితా బతికే ఉంది. 2015 ఏప్రిల్‌లో ఆఖరి ఇరవై వస్తువుల్ని వదిలేశారు చూడండి, ఊరగాయకు విముక్తి అప్పుడొచ్చింది.

బంగారం సంగతి మాత్రం తమరు మర్చిపోయినా మా కంసాలులు మర్చిపోరు. 1963 జనవరిలో పద్నాలుగు క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నారు. కుంపట్లు ఆరిపోయాయి, తరతరాల వృత్తివాళ్ళు రోడ్డున పడ్డారు. జనం బంగారం మానేశారా? అదేమో దుబాయ్ నుంచి పడవల్లో వచ్చింది. క్యారెట్ల నిబంధన 1966లో పోయినా, బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా సాగింది. ఆ మరుసటి ఏడే రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లు కూడా ఖజానాలో లేవు. అప్పుడు ఏం చేశారు? దాదాపు 47 టన్నుల బంగారం పరాయి దేశం పంపి తాకట్టు పెట్టారు. ఆపద్ధర్మానికి బంగారం ఉండాలని మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొదటినుంచీ అంటూనే ఉన్నారు. వాళ్ళను ప్రణాళికా సంఘంలో వేసుకోవాల్సింది.

రేషను బియ్యం, పల్లెల్లో బ్యాంకు బ్రాంచీలు తమ ఖాతాలోనే వేస్తాను, ఆ మాట కాదనను. కానీ ఆకలిగొన్నవాడికి బియ్యం ఇవ్వడానికి సబ్బు చేసేవాడి చేతులు కట్టేయాల్సిన పనేమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

తమరిని సాగనంపింది కూడా ఇంటిమనిషే. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూసంస్కరణలంటూ భూస్వాముల ఆగ్రహం కొనితెచ్చుకున్న మన వంగర పి.వి. నరసింహారావు గారు. 1991లో ప్రధాని అయ్యాక పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉంచుకుని, జూలై 24న, అందరి కళ్ళూ బడ్జెట్ మీద ఉండగా, 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు ఎత్తేశారు. ఆ ప్రకటన సభ ముందు పెట్టే పని కూడా సహాయ మంత్రికే అప్పగించారు. తమరికి వీడ్కోలు సన్మానం, శాలువా లాంటివేమీ జరగలేదు.

చివరిగా ఒక్క మనవి. తమకు ఈ పేరు పెట్టింది రాజాజీ. ఆయనతో కలిసి 1959లో సోషలిజాన్ని ఎదిరించే స్వతంత్ర పార్టీ పెట్టి దానికి తొలి అధ్యక్షుడైంది నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య రంగా. 1989 నుంచి మాత్రం ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరు కావాలంటే ఏ పార్టీ అయినా సోషలిజానికి కట్టుబడి ఉంటామని తన నియమావళిలో రాసుకోవాలి. అంటే సోషలిజం వద్దని చెప్పడానికి పార్టీ పెట్టాలన్నా ముందు దానికి జై కొట్టాలి. రంగా గారు ఇప్పుడొస్తే ఆ ఫారం దగ్గరే ఆగిపోయేవారు. ఆ షరతు తీసేయమని అడగాలంటే ఏ కౌంటరుకు వెళ్ళాలో, చలానా ఎంత కట్టాలో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
వెయిటింగ్ లిస్టులోని ఒక పౌరుడు