ఆ గొంతు ఎవరిది?

సిరీస్ పేరు చెప్పను, దాని తప్పేమీ లేదు. యాప్ పేరు కూడా చెప్పను, తప్పంతా దానిదే అయినా. మొన్న శనివారం మామగారు, బావమరిది కుటుంబం మా ఇంటికి వచ్చారు, భోజనాలయ్యాయి, ఏదైనా చూద్దామన్నారు, రిమోట్ నా చేతికి వచ్చింది. ఇంగ్లండులో ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఒక ఊరు, ఒక అమ్మాయి హత్య, కంటి నిండా నిద్రలేని ఒక మహిళా ఇన్‌స్పెక్టర్, ఆరు ఎపిసోడ్లు. ఇంతకు మించి చెబితే చూడబోయేవాళ్లకు కథ పాడవుతుంది, ఆ పని నేను చేయను. చేసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల సంగతి తర్వాత.

రిమోట్ నా చేతికే రావడానికి కారణం ఉంది. ఏది చూడాలి, ఎలా చూడాలి, ఎక్కడ మెచ్చుకోవాలి అనే విషయాల్లో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, వాటిని నేను దాచుకోను. 2025లో ‘అడాలసెన్స్’ వీళ్లందరికీ చూపించింది నేనే. నాలుగు ఎపిసోడ్లు, ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరి దాకా ఒకే షాట్, ఎక్కడా కట్ లేదని ముందే విడమరిచి చెప్పాను. ఫలితంగా ఇంటిల్లిపాదీ కథ వదిలేసి కట్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతూ కూర్చున్నారు. తెర మీద పదమూడేళ్ల పిల్లవాడిని హత్య కేసులో పట్టుకుపోతుంటే, మా బావమరిది ‘అదిగో, కారు తలుపు వేసేటప్పుడు మార్చి ఉంటారు’ అని గెంతాడు. పోనీలే, కన్నార్పకుండా చూశారు కదా అని సరిపెట్టుకున్నాను.

ఇక నా అభిప్రాయాలన్నిటిలోకీ పెద్దది డబ్బింగ్ మీద. ఏ భాషలో తీశారో ఆ భాషలోనే చూడాలి, అర్థం కాకపోతే కింద అక్షరాలు చదువుకోవాలి. 2024లో వచ్చిన ‘షోగన్’లో మాటలు ఎక్కువ భాగం జపనీస్‌లోనే ఉన్నాయి. ఆ ఒక్క సీజన్‌కే 18 ఎమ్మీ అవార్డులు వచ్చాయి. అమెరికావాళ్లే ఓపిగ్గా చదువుకుంటూ చూస్తే మనకేమిటి బద్ధకం? దీని వెనక నాదొక పాత కడుపుమంట కూడా ఉంది. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ను బయటి దేశాలవాళ్లు చాలామంది నెట్‌ఫ్లిక్స్‌లో చూశారు, అక్కడ ఉన్నది హిందీ డబ్బింగ్. తెలుగు సినిమా తెలుగులో కావాలంటే జీ5కు వెళ్లాలి. పరాయి పత్రికల్లో ఆ సినిమాను ఆకాశానికెత్తుతూ వచ్చిన వ్యాసాలు చదివి పొంగిపోతూనే, ‘బాబూ, మీరు విన్నది మా భాష కాదు’ అని ఒక్కొక్కరికీ ఉత్తరం రాయాలనిపించేది.

ఈ ఉపన్యాసం మా మామగారికి కంఠతా వచ్చు. ఆయన దగ్గర దీనికి ఒకే ఒక జవాబు ఉంది. ‘మరి బాలు సంగతేమిటి బాబూ? ‘దశావతారం’ తెలుగులో కమల్ హాసన్ పది వేషాల్లో ఏడింటికి ఆయనే గొంతు ఇచ్చాడు. అందులో ముసలమ్మ కూడా ఉంది. అది డబ్బింగ్ కాదా?’ దీనికి నేను ఎప్పుడూ బదులు చెప్పను. బాలసుబ్రహ్మణ్యంగారికి వ్యతిరేకంగా వాదించి ఈ ఇంట్లో నెగ్గుకురావడం నా వల్ల కాదు.

సరే, సిరీస్ పెట్టగానే యాప్ నన్ను ఒక్క మాట అడగకుండా తెలుగు డబ్బింగ్ మొదలుపెట్టింది. వెంటనే ఆపి భాష మార్చడానికి వెళ్లాను. గోడలో సగం ఆక్రమించిన టీవీలో భాషల పేర్లకు కేటాయించిన చోటు వేలెడంత. అందులో ‘ఇంగ్లీషు’ అని ఒకటి, దాని కింద ‘ఇంగ్లీషు ఆడియో’ అని ఇంకొకటి, దాని పక్కన మూడు చుక్కలు. నాకు కావలసింది ఏమిటి? ఇంగ్లీషు ఆడియో. నొక్కాను. నా స్థానంలో ఎవరున్నా అదే నొక్కుతారు. ఆ మూడు చుక్కల వెనక ఇంకేదో మాట ఉందని, అది పట్టక మింగేశామని చెప్పడానికి వాళ్లకు చోటు లేదు. రాబోయే సిరీస్‌ల ప్రకటనలకు మాత్రం మిగతా గోడంతా ఉంది.

బొమ్మ మొదలైంది. చీకటి. సంగీతం లేదు. ఒక స్త్రీ గొంతు, ఏ తొందరా లేకుండా, ఇంగ్లీషులో అంది: ‘తెల్లవారుజాము. మంచు పట్టిన పొలం. కంచె మీద ఒక కాకి వాలుతుంది.’

కాకి వచ్చి కంచె మీద వాలింది.

నాకు ఒళ్లు జలదరించింది. ఇది మామూలు సిరీస్ కాదని ఆ క్షణంలోనే నిర్ణయించేశాను. బావమరిది ‘ఎవరండీ మాట్లాడేది?’ అన్నాడు. చెయ్యెత్తి ఆపాను. ‘కాకి ఎగిరిపోతుంది’ అంది ఆ గొంతు. ఎగిరిపోయింది. ‘మంచు కింద ఒక చెయ్యి.’ కెమెరా నెమ్మదిగా కిందికి దిగింది, చెయ్యి కనిపించింది.

‘అర్థమైందా?’ అన్నాను. ఎవరికీ కాలేదు. ‘ఈ గొంతు ఆ చనిపోయిన అమ్మాయిది.’

గదిలో నిశ్శబ్దం. మా ఆవిడ నా వైపు చూసిన చూపులో పెళ్లయిన కొత్తలో ఉండిన గౌరవం కొంత తిరిగి కనిపించింది. ఇక నన్ను ఆపేవారెవరు? మాటా బొమ్మా ఒకే సంగతి చెప్పడం మామూలుగా లోపమని, ఇక్కడ దర్శకుడు కావాలనే ఆ లోపం చేశాడని, చచ్చిపోయిన మనిషికి ప్రపంచం కనిపించే తీరు అదేనని, వాళ్లకు కోపతాపాలుండవని, ఎవరు ఏం చేస్తున్నారో అంతే ఉంటుందని చెప్పుకుంటూ పోయాను. ‘ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంటుంది’ అంది గొంతు. ‘చూశారా ఆ నిర్లిప్తత!’ అన్నాను.

నా సిద్ధాంతానికి రుజువులు కూడా దొరుకుతూ వచ్చాయి, అదీ విచిత్రం. తెర మీద ఎవరైనా మాట్లాడుతుంటే ఆ గొంతు మాట్లాడదు. వాళ్లు ఆగగానే అందుకుంటుంది. ఇది మొదట గమనించింది బావమరిది భార్య. ‘బతికున్నవాళ్లు మాట్లాడుతుంటే చనిపోయినవాళ్లకు అడ్డుపడే హక్కు లేదమ్మా’ అన్నాను. ఈ వాక్యం నా నోట అప్పటికప్పుడు ఎలా వచ్చిందో నాకే తెలియదు. తర్వాత ఎక్కడైనా వాడుకోవచ్చని మనసులో దాచుకున్నాను కూడా. పనిలో పనిగా ‘స్ట్రేంజర్ థింగ్స్’ ప్రస్తావన తెచ్చాను. 2022లో దాని నాలుగో సీజన్ వచ్చినప్పుడు, వినికిడి లేనివారి కోసం కింద వేసిన అక్షరాలే పెద్ద చర్చ అయ్యాయి. రాక్షసుడి తీగల్లాంటి అవయవాలు తడితడిగా మెలికలు తిరిగే చప్పుడును కూడా ఎవరో అంత శ్రద్ధగా మాటల్లో పెట్టారు. ‘కింది అక్షరాలే కళ అయినప్పుడు, పైనుంచి వినిపించే గొంతు ఎందుకు కాకూడదు?’ అని అడిగాను. సత్యానికి అంత దగ్గరగా వెళ్లి, దాని గుమ్మం ముందు నిలబడి, వీధి చివర దాకా ఉపన్యాసం వినిపించి తిరిగి వచ్చానన్నమాట.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మా మేనల్లుడు సోఫా చివర ఫోను చూసుకుంటున్నాడు. లా చదువుతున్నాడు. కాకి వాలినప్పుడు ఒకసారి తలెత్తాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోనులోకి దిగిపోయాడు. ఆ చూపు నేను మరచిపోను. వాడికి కాకి దగ్గరే తెలుసు.

ఎపిసోడ్ సగంలో ఇన్‌స్పెక్టర్ ఇంటికి వెళ్లింది. ఇంట్లో భర్త ఉన్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు, అదే మా కొంప ముంచింది. మాటలు లేవు కాబట్టి గొంతు అందుకుంది. ‘ఆమె అతని చొక్కా మొదటి గుండీ విప్పుతుంది.’

పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చున్నప్పుడు ఇలాంటి దృశ్యం వస్తే ఏం చేయాలో అందరికీ అలవాటే. మామగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మా ఆవిడకు వంటింట్లో ఏదో గుర్తొచ్చింది. బావమరిది మోగని ఫోను ఎత్తాడు. కానీ ఈ ఏర్పాట్లన్నీ కంటికి సంబంధించినవి. ‘రెండో గుండీ’ అంది గొంతు, అంతే ప్రశాంతంగా. ‘అతను ఆమె మెడ వంపులో ముఖం దాచుకుంటాడు.’ తుడుచుకుంటున్న కళ్లజోడుకూ వినిపిస్తుంది, వంటింట్లోకీ వినిపిస్తుంది. దృశ్యమైతే చీకట్లో, నీడల్లో, చాలా మర్యాదగా తీశారు, చూస్తే పెద్దగా ఏమీ కనిపించదు. ఆ కనిపించనిదంతా ఈవిడ చెబుతోంది.

రిమోట్ కోసం తడుముకున్నాను. అది మామగారు ఆనుకున్న దిండు కింద ఉంది. ఆయనను కాస్త ముందుకు జరగమని, దాన్ని లాగి, ముందుకు తోసే మీట అనుకుని నొక్కాను. అది వెనక్కు తోసేది.

‘ఆమె అతని చొక్కా మొదటి గుండీ విప్పుతుంది.’

కళ్లజోడు తుడవడం పూర్తయింది. ఇక తుడవడానికి ఏమీ మిగలలేదు. మామగారు దాన్ని పెట్టుకుని, నా వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోగోరినవారిలా అడిగారు: ‘చనిపోయిన పిల్లకు ఇవన్నీ ఎందుకు బాబూ?’

నేనేమన్నానో రాయడం లేదు. ‘ముక్తి’ అన్న మాట అందులో ఉందని మా ఆవిడ అంటోంది.

ఎలాగో ఎపిసోడ్ చివరికి వచ్చింది. నల్లటి తెర మీద పేర్లు పడసాగాయి. ఆ గొంతు వాటినీ వరసగా చదవడం మొదలుపెట్టింది. నటీనటులు, ఛాయాగ్రాహకుడు, దుస్తులు. చనిపోయిన అమ్మాయికి దుస్తులు కుట్టించినవారి పేరుతో పనేమిటి అన్న అనుమానం నాకే మొదటిసారి వచ్చింది. అయినా తగ్గలేదు. ‘ఇది ఇంకా లోతైన ప్రయోగం’ అని మొదలుపెట్టేలోగా మేనల్లుడు ఫోను బోర్లించాడు.

‘మామయ్యా, అది ఆడియో డిస్క్రిప్షన్. చూపు లేనివారికి తెర మీద ఏం జరుగుతోందో చెప్పే గొంతు. మాటల మధ్య ఖాళీల్లోనే చెబుతుంది.’

చెప్పి ఊరుకుంటే వాడు లా విద్యార్థి ఎందుకవుతాడు? 2023 జనవరిలో ‘పఠాన్’ విషయంలో ఢిల్లీ హైకోర్టు ఏమందో చెప్పాడు. చూపు, వినికిడి సమస్యలున్నవారు పిటిషన్ వేస్తే, సినిమా ఓటీటీలోకి వచ్చేసరికి ఆడియో వర్ణన, సబ్‌టైటిళ్లు సిద్ధం చేయమని నిర్మాతలను ఆదేశించిందట. 2024 మార్చిలో థియేటర్ల కోసం కేంద్ర సమాచార, ప్రసార శాఖ మార్గదర్శకాలు ఇచ్చిందట. నెట్‌ఫ్లిక్స్ ఈ వర్ణన మొదటిసారి పెట్టింది 2015 ఏప్రిల్‌లో ‘డేర్‌డెవిల్’కు. దాని కథానాయకుడు చూపు లేని లాయరు. అతని కథ అతనిలాంటివారికే అందకుండా విడుదల చేస్తారా అని జనం నిలదీస్తే కొద్ది రోజుల్లో చేర్చారట. ‘డేర్‌డెవిల్’ నేను రెండుసార్లు చూశాను. దాని గురించి నాకు తెలియని విషయం, నా ఇంట్లో, నా సోఫా మీద కూర్చుని, ఆ సిరీస్ వచ్చేనాటికి చిన్న తరగతుల్లో ఉన్న పిల్లవాడు చెబుతున్నాడు.

‘ముందే చెప్పవచ్చు కదరా’ అన్నాను.

‘మీరు బాగా చెబుతున్నారు కదా అని.’

బావమరిది సోఫాలో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మా ఆవిడ కళ్లలో ఆ పాత గౌరవం ఎప్పుడు వెళ్లిపోయిందో నేను గమనించలేదు. మూడు చుక్కల గురించి వివరించబోయాను, ఎవరూ వినలేదు. టీవీ దగ్గరికి వెళ్లి వేలితో చూపించాను కూడా. ‘ఇంగ్లీషు ఆడియో, మూడు చుక్కలు. ఇందులో డిస్క్రిప్షన్ ఎక్కడుంది, చూపించండి’ అన్నాను. సమంజసమైన ప్రశ్నే. ఇప్పటికీ జవాబు లేదు.

రెండో ఎపిసోడ్‌కు మేనల్లుడు ఆ గొంతు తీసేశాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో మామగారు ‘ఆ అమ్మాయి ఏది?’ అన్నారు. ఆయన సినిమా చూసే పద్ధతి మాకందరికీ తెలుసు. ‘వీడెవడు? ఇందాకటివాడేనా? ఇప్పుడు ఎక్కడికి పోతున్నాడు?’ అని క్షణానికోసారి అడుగుతారు. మొదటి ఎపిసోడ్‌లో, ఆ గుండీల దగ్గర తప్ప, ఆయన ఒక్క ప్రశ్న అడగలేదని అప్పుడు తట్టింది.

‘అన్నీ చక్కగా చెబుతోంది కదా, ఎందుకు తీసేశారు? చర్చిలో ఆ పాస్టరు ఉంగరం తీసి జేబులో వేసుకుంటాడని ఆ అమ్మాయి చెప్పబట్టే తెలిసింది. మీరెవరైనా చూశారా?’

ఎవరూ చూడలేదు. ఆ దృశ్యంలో నేను, మిగతావాళ్లకు కూడా గట్టిగా చెప్పి మరీ, కింద అక్షరాలు చదువుతున్నాను.

గొంతు మళ్లీ పెట్టారు. నాకు తలనొప్పిగా ఉందని చెప్పి లోపలికి వెళ్లి పడుకున్నాను. మర్నాడు వాళ్లు వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ, ఆ అమ్మాయి గొంతు ఏ మీట నొక్కితే వస్తుందో మామగారు మనవడితో కాగితం మీద రాయించుకున్నారు. నేను మిగతాది తీరిగ్గా, ఒంటరిగా, ఏ గొంతూ లేకుండా చూద్దామని దాచిపెట్టుకున్నాను.

నిన్న సాయంత్రం మామగారి ఫోన్. కుశలప్రశ్నలు లేవు.

‘పాస్టరు కాదు బాబూ. ఆ ఇన్‌స్పెక్టర్ మొగుడు. నాలుగో ఎపిసోడ్‌లో వాడు చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కుంటాడని ఆ అమ్మాయి చెప్పింది. అక్కడే నాకు అనుమానం వచ్చింది. మీరైతే పట్టుకోలేకపోయేవారు.’

నేనింకా రెండో ఎపిసోడ్ మొదలుపెట్టనే లేదు.