మళ్లీ మళ్లీ పుట్టే రీఇష్యూ గారికి

పాత సంగీతం రికార్డుల్ని మళ్లీ కొత్తగా ఒత్తి అమ్మే అవతారమైన మహారాజశ్రీ రీఇష్యూ గారికి, పద్మారావు నగర్ నుంచి మీ శాశ్వత బాధితుడు రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క మా అల్మారాయే క్షేమంగా లేదు. మూడో అర మధ్యలో కుంగితే కింద రెండు ఇటుకలు నిలబెట్టాను. వచ్చినవాళ్లంతా ఇంట్లో రిపేర్లు జరుగుతున్నాయా అని అడుగుతున్నారు.

మీతో గొడవ పెట్టుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మీరు రానన్నాళ్లు ఎప్పుడొస్తారని తిట్టుకున్నాను, వచ్చాక ఎందుకొచ్చారని తిట్టుకున్నాను, ఇంకో వేషంలో మళ్లీ వచ్చినప్పుడు తిడుతూనే డబ్బు కట్టాను. మీ మీద నాకు అల్లుడి మీద ఉన్నంత కోపం ఉంది. అల్లుడికి జరిగే మర్యాదలు మాత్రం ఏ లోటూ లేకుండా మీకు జరిగిపోతున్నాయి.

అసలు తప్పు మీది కాదు, ఓక్లాండ్ వాళ్లది. కాలిఫోర్నియాలోని ఆ ఊళ్లో జీన్ రస్సెల్ అనే పియానిస్టు బ్లాక్ జాజ్ రికార్డ్స్ అని ఒక చిన్న కంపెనీ నడిపాడు. 1971 నుంచి 1975 దాకా 20 ఆల్బమ్‌లు తెచ్చారు, దుకాణం కట్టేశారు. ఇరవై అంటే ఇరవయ్యే. వందల కొద్దీ రికార్డులు తెచ్చిన పెద్ద కంపెనీల జోలికి నాలాంటివాడు పోడు, చచ్చేలోపు పూర్తికాదని ముందే తెలుసు కాబట్టి. కానీ ఇరవై అంటే పూర్తవుతుందనిపిస్తుంది, అల్మారాలో జానెడు చోటు చాలనిపిస్తుంది, పైగా ఆ నలుపు తెలుపు ఫొటోల జాకెట్లన్నీ (రికార్డుల అట్ట కవర్లు లెండి) పక్కపక్కన పెడితే ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. అదే నా కొంప ముంచింది.

నాకీ జబ్బు 2007లో అంటింది. ఆఫీసులో ఒకాయన పెన్‌డ్రైవ్‌లో పాటలు ఇచ్చాడు, అందులో డగ్ కార్న్ 1971లో ఈ బ్లాక్ జాజ్ వాళ్లకే చేసిన 'ఇన్‌ఫెంట్ ఐస్' ఉంది. వేన్ షార్టర్ అనే శాక్సోఫోన్ విద్వాంసుడు కట్టిన బాణీకి మాటలు పెట్టి, భార్య జీన్ కార్న్ చేత పాడించాడు. ఆమె గొంతు వాద్యాల ముందు నిలబడి పాడే గాయని గొంతులా ఉండదు, బాకాల వరసలో తనదీ ఒక బాకా అన్నట్టు లేస్తుంది. తార్నాక సిగ్నల్ దగ్గర ఆ పాట మొదలైంది, గ్రీన్ పడింది, నేను కదల్లేదు. వెనకాల ఆటో అతను మా వంశంలో మూడు తరాల వాళ్లను పేరుపేరునా తలుచుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంటర్నెట్‌లో ఒరిజినల్ ప్రెస్సింగ్, అంటే ఆ రోజుల్లోనే మొదటిసారి ఒత్తిన ప్లేటు, ధర చూశాను. చూసి, కంప్యూటర్ ఆపేసి, కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

అప్పటినుంచి మీ కోసం ఎదురుచూపులు. ముందు జపాన్ సీడీ రూపంలో వచ్చారు, ఓబీతో సహా. ఓబీ అంటే జాకెట్ అంచుకి చుట్టే కాగితం పట్టీ. కొత్త చీరకి వేలాడే ధర చీటీ లాంటిదే, కాకపోతే చీర కొన్నాక చీటీ చింపి పారేస్తాం, ఇది చిరిగితే మాత్రం వస్తువు విలువే పడిపోతుంది. కాబట్టి సీడీ వినాలంటే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, పట్టీని మెల్లగా జరిపి, పక్కన పెట్టి, దాని మీద ఎవరూ టీ కప్పు పెట్టకుండా కాపలా కాయాలి. మా అమ్మ ఇదంతా చూసి, పూజ చేసేటప్పుడు కూడా నాకు ఇంత మడి లేదని అందరికీ చెప్పింది.

తర్వాత 2020. ఆ ఏడు ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోనే బానింగ్ అనే ఊళ్లో అపోలో మాస్టర్స్ వాళ్ల ఫ్యాక్టరీ కాలిపోయింది. రికార్డు తయారీలో అన్నిటికంటే ముందు గాడి కోసే ల్యాకర్ డిస్కులు అక్కడ చేసేవాళ్లు. అప్పటికి ప్రపంచం మొత్తంలో అవి చేసేది రెండే చోట్ల, రెండోది జపాన్‌లో. ఆ వారమంతా నాకు టెన్షన్. పక్కింటి వాళ్లు కరోనా గురించి మాట్లాడుకుంటుంటే నేను ల్యాకర్ డిస్కుల గురించి బెంగపడ్డాను. తీరా చూస్తే ఆ సంవత్సరమే మీరు విజృంభించారు. రియల్ గాన్ మ్యూజిక్ అనే కంపెనీ బ్లాక్ జాజ్ హక్కులు తీసుకుని, మొత్తం 20 ఆల్బమ్‌లూ వరసగా ఎల్పీలుగా (పెద్ద ప్లేట్లుగా), సీడీలుగా వదలడం మొదలుపెట్టింది.

పదమూడేళ్లు వెతికినవాడు ఆ వార్తకి ఎగిరి గంతేయాలి కదా? నాకేమో కడుపులో దేవినట్టయింది. ఇన్నాళ్లూ ఈ పేర్లు తెలిసినవాణ్ణి హైదరాబాద్‌లో నేనొక్కణ్ణేనని ఒక చిన్న గర్వం ఉండేది (నిజమో కాదో, ఎవరూ వచ్చి కాదనలేదు). కాల్విన్ కీస్ గిటార్ గురించి, హెన్రీ ఫ్రాంక్లిన్ బాస్ గురించి పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీవాణ్ణి పట్టుకుని చెప్పేవాణ్ణి. మీరొచ్చాక ఆ పక్క కుర్చీవాడు ఫోన్ తీసి, కార్డు నంబర్ కొట్టి, సాంబార్ వచ్చేలోపు ఆర్డర్ పెట్టేయగలడు. అంతకాలం నేను వెతికింది పాటనా, దొరకకపోవడాన్నా అని నాకే అనుమానం వచ్చింది. అయినా కొన్నాను. 'ఇన్‌ఫెంట్ ఐస్' ఒక్కటే ఇప్పుడు నా దగ్గర నాలుగు ఉన్నాయి. ఒకటి సీడీ. రెండోది నల్ల ఎల్పీ. అది మే నెల మిట్టమధ్యాహ్నం వస్తే, ఇంట్లో ఎవరూ లేరని కొరియర్ అబ్బాయి వాచ్‌మన్ రేకుల గది మీద పెట్టి పోయాడు, నేను వచ్చేసరికి నూనెలో వేసిన అప్పడంలా లేచి ఉంది. మూడోది దాని బదులు కొన్నది. నాలుగోది నలుపు కాకుండా రంగు ప్లాస్టిక్‌తో ఒత్తిన ఎల్పీ. అది ఎందుకు కొన్నానో చెప్పమంటే చెప్పలేను, అడక్కండి.

ఇక మీ 180 గ్రాముల సంగతి. మామూలు ఎల్పీ 120 నుంచి 140 గ్రాములు తూగుతుంది. మీరు ఇంకాస్త పిండి కలిపి మందంగా ఒత్తి, జాకెట్ మీద ఆ అంకె ఏదో బిరుదులా వేసుకుంటారు. పాట ఉండేది పైనున్న గాడిలో, అడుగున ఎంత ప్లాస్టిక్ ఉంటే గాడికేంటి? ఈ మాట నేను అనుకున్నానే గానీ పైకి అనలేదు. అన్నది మా అమ్మ.

"నూటెనభై గ్రాములంటే ఎన్ని తులాలురా?"

"పద్దెనిమిది."

"పద్దెనిమిది తులాల ప్లాస్టిక్కా! గదే బంగారమైతే నీ బిడ్డ పెండ్లి అయితుండె."

అమ్మకి మీరింతవరకు జవాబు చెప్పలేదు.

పోనీ శబ్దం గొప్పదందామా. బ్లాక్ జాజ్ వాళ్లు ఆ రోజుల్లోనే రికార్డులను మామూలు స్టీరియోలోనూ, నాలుగు స్పీకర్ల క్వాడ్‌లోనూ వినేలా తయారు చేశారు. నాకున్నవి రెండు స్పీకర్లు, అందులో ఎడమదాని మీద మనీప్లాంట్ ఉంది. వాస్తు ప్రకారం అది అక్కడే ఉండాలట. కాబట్టి చెస్టర్ థాంప్సన్ ఆర్గాన్ వాయిస్తుంటే కుడి చెవికి సంగీతం, ఎడమ చెవికి సంగీతంతో పాటు ఆకుల చప్పుడు. శబ్దం కొత్తగా సరిదిద్దిన మీ రీమాస్టర్‌లో ఈ తేడా కూడా బ్రహ్మాండంగా వినిపిస్తోంది, ఒప్పుకుంటాను.

శబ్దం మాట వచ్చింది కాబట్టి మీ కులగోత్రాల మాట కూడా. మీరు స్టూడియోలో తయారైన అసలు మాస్టర్ టేపు నుంచే నేరుగా పుట్టారా (దాన్నే అనలాగ్ అంటారు), మధ్యలో ఎక్కడైనా కంప్యూటర్ దూరి డిజిటల్ కలిసిందా అని తరచి తరచి అడిగే పెద్దలు మాలో చాలామంది. పెళ్లి సంబంధాలకు కూడా ఇంత విచారణ ఉండదు. 2022లో ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఒక పేరుమోసిన రీఇష్యూ కంపెనీ రికార్డుల్ని కొనేవాళ్లంతా అచ్చమైన అనలాగ్ అని నమ్ముతుంటే, చాలా వాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని కంపెనీ ఇంజినీర్లే ఒప్పుకున్నారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ రికార్డులు విని 'ఇదిరా అనలాగ్ అంటే' అని కళ్లు మూసుకున్న చెవులు ఎన్నో! ఆ వార్త చదివి నేను పడీపడీ నవ్వి, తర్వాత మెల్లగా లేచి నా అల్మారాలో ఆ కంపెనీవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాను. ఆ అంకె మా ఆవిడకి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను మిమ్మల్ని మోసం చేశాను. రెండేళ్ల కిందట ఒక గురువారం, ఆఫీసులో కడుపునొప్పని చెప్పి జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లాను, ఎప్పటికైనా ఒక్క ఒరిజినల్ దొరక్కపోతుందా అని. పాత మిక్సీల మధ్య, కాళ్లు విరిగిన కుర్చీల పక్కన ఒక అట్టపెట్టె. అందులో అన్నిటికంటే కింద నలుపు తెలుపు జాకెట్, మూలలు ఎలకలు కొట్టేశాయి, మీద శాక్సోఫోన్ పట్టుకున్న నల్లజాతి మనిషి, పేరున్న చోట తడి మరక. నా గుండె ఆగినంత పనైంది. అమ్మేవాడు నా మొహం చూసి "అంగ్రేజీ మాల్ హై సాబ్" అని ధర రెండింతలు చేశాడు. అక్కడే తెరిచి చూస్తే ఇంకా పెంచుతాడని చూడకుండానే కట్టేశాను. దారిలో ఎక్కడా పెట్టెలోంచి తీయలేదు.

ఇంటికొచ్చి తీస్తే లోపల ఉన్నది జాజ్ కాదు. తెలుగు ప్లేటు, కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఒత్తింది, లేబుల్ సగం చిరిగి కథకుడి పేరు పోయింది. సూది పెట్టాను, చరచర, తర్వాత తంబుర, గుమ్మెట, 'తందాన తాన'. బుర్రకథ! నేను నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటే వంటింట్లోంచి అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడింది. ఇన్నేళ్లలో నా రికార్డు వినడానికి ఆమె ఈ గదిలోకి రావడం అదే మొదటిసారి. అది అయ్యేదాకా పోలేదు. అయ్యాక "రెండో దిక్కు పెట్టు" అంది.

అప్పటినుంచి మా ఇంట్లో ఎక్కువ తిరిగే ప్లేటు అదే. మీ నాలుగు 'ఇన్‌ఫెంట్ ఐస్'లూ వరసగా నిలబడి చూస్తుంటాయి. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క ఒరిజినల్ ప్రెస్సింగ్ కూడా అదే, కాబట్టి ఇకమీదట ఎవరైనా అడిగితే 'ఉంది' అని ధైర్యంగా చెబుతాను, ఏదని అడిగితే మాట మారుస్తాను.

మిమ్మల్ని అడిగేది ఇదే. ఓక్లాండ్‌లో నాలుగేళ్లు బతికిన కంపెనీకి జపాన్‌లో ఒకసారి, అమెరికాలో ఒకసారి, రంగుల్లో ఇంకోసారి వచ్చారు, సంతోషం. ఈ పేరు చిరిగిన ప్లేటు కోసం మీరొక్కసారి కూడా రాలేదు. టేపు ఎక్కడుందో, అసలు ఉందో లేదో కనుక్కునే నాథుడు లేడు. 180 గ్రాములు అక్కర్లేదు, ఓబీ వద్దు, రంగు వద్దు, డిజిటల్ కలిసినా నాకు పట్టింపు లేదు. గీత లేని ప్లేటు ఒక్కటి చాలు. ఇప్పుడున్నది రెండో పక్క సగంలో గీత పడి, సూది అక్కడే చిక్కుకుంటుంది. 'తందా, తందా, తందా' అని అక్కడే తిరుగుతూ ఉంటుంది. నేను లేచి సూది జరిపేలోపు, వంటింట్లోంచి అమ్మ "న తాన" అని అందుకుంటుంది.

ఇట్లు,
మీ విధేయుడు