‘వంట సమయం: 30 నిమిషాలు’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘వంట సమయం: 30 నిమిషాలు’ గారికి,

నమస్కారాలు. తమరు ఎప్పుడూ రెసిపీ నెత్తి మీద, నిగనిగలాడే ఫొటో పక్కనే కొలువుంటారు. కింద వంటింట్లో ఏం జరుగుతోందో తొంగి చూసే అలవాటు తమకు లేదు. మిగతా వంటల్లో సర్దుకుపోతున్నాం. కానీ ‘ఇంటిల్లిపాదికీ కరకరలాడే ఏషియన్ స్టైల్ పోర్క్ రిబ్స్’ (పంది పక్కటెముకల మాంసం లెండి) అన్న చోట కూడా అదే అంకె, అదే నిబ్బరం! అందుకే ఈ ఉత్తరం.

తమరి గడియారం ఎప్పుడు మొదలవుతుందో ముందు చెప్పండి. ‘సన్నగా తరిగిన వెల్లుల్లి, తురిమిన అల్లం’ అని పదార్థాల్లోనే రాసేసి చేతులు దులుపుకుంటారు. వెల్లుల్లి పొట్టు తనంతట తనే ఒలుచుకుని, తరుక్కుని, గిన్నెలోకి దూకుతుంది కాబోలు. రిబ్స్ వెనకాల ఎముకల మీద పలచటి పొర ఒకటి ఉంటుంది. కత్తి మొనతో ఒక మూల లేపి, జారిపోకుండా పేపర్ టవల్‌తో పట్టుకుని లాగాలి. అదృష్టం బాగుంటే ఒక్క లాగుడుకి వస్తుంది, లేకపోతే పీలికలు పీలికలుగా వస్తుంది. అలాగే వదిలేస్తే నమిలినా నమలబడదు. ఈ పొర సంగతి తమరి లెక్కలో ఎక్కడా కనబడలేదు.

సరే, అది చిన్న విషయం. అసలు గొడవ కొల్లాజెన్‌తో, అంటే మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే ప్రొటీన్‌తో. పంది మాంసం ముక్క లోపల 63 డిగ్రీల సెల్సియస్‌కి చేరి, ఆపైన 3 నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమేనని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. తమరు ఆ మాట పట్టుకునే ధీమాగా ఉన్నారేమో. 63 దగ్గర రోగం రాదు, నిజమే. పన్ను మాత్రం ఊడుతుంది. రిబ్స్ నిండా ఉండే కొల్లాజెన్ కరిగి జెలటిన్ అనే మెత్తటి జిగురు అయితేనే మాంసం ఎముకను వదులుతుంది. దానికి లోపల 90 డిగ్రీల దరిదాపుల్లో వేడి కావాలి, అంతకన్నా ముఖ్యంగా సమయం కావాలి. పెద్ద పలకగా ఓవెన్‌లో పెడితే గంటలు పడుతుంది. కొల్లాజెన్ తమరి శీర్షిక చదవదు.

ఇక కరకర. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మాంసం ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే పైభాగం 140 దాటాలి. పైన తడి ఉన్నంతసేపూ అది 100 దగ్గరే కూర్చుంటుంది. అంటే ముందు ఆరాలి, తర్వాతే వేగాలి. తమరు మాత్రం సోయాసాస్‌లో ఓలలాడుతున్న ముక్కల్ని తిన్నగా మూకుడులోకి తోయమంటారు. ముక్క ఉడుకుతుంది, నూనె చిందుతుంది, వంట చేసేవాళ్ల మోచేతులకి చుక్కలు పడతాయి. పైగా తేనె మొదట్లోనే పోయమంటారు. తేనె ఎంత తొందరగా మాడుతుందో ఎవరైనా తమరికి చెప్పారా? పైన బొగ్గు, లోపల రబ్బరు. టైమ్ మాత్రం సరిగ్గా 30 నిమిషాలు!

ఆ ‘ఏషియన్ స్టైల్’ కూడా అలాంటిదే. సోయాసాస్ చుక్క పడితే చాలు, ఖండం మొత్తాన్ని అంటగట్టేస్తారు. చైనాలో వూషీ అనే ఊరి రిబ్స్ ప్రసిద్ధి. అవి తీపి పులుసులో నింపాదిగా ఉడికి మెత్తబడేవి, కరకరకీ వాటికీ సంబంధం లేదు. తైవాన్‌లో మాంసానికి చిలగడదుంప పిండి పట్టించి వేయిస్తారు, కరకర అక్కడుంది. దక్షిణ చైనాలోని కాంటన్ వాళ్లు రిబ్స్‌ని చిన్న ముక్కలుగా కొట్టి, పులియబెట్టిన నల్ల సోయా గింజలతో ఆవిరి మీద త్వరగా ఉడికిస్తారు. తొందర అక్కడుంది, కానీ ఆ గొప్ప కత్తిది. పైగా కొంచెం నమిలి తినడమే ఆ వంటలో మజా. తమరు ముగ్గురి దగ్గరా తలా ఒక గుణం అరువు తెచ్చి ఒకే ఫొటోలో పెట్టారు.

తిట్టి వదిలేయడం భావ్యం కాదు కాబట్టి దారీ చెబుతాను, రాసుకోండి. మాంసం కొట్టే ఆయన్నే అడిగి ఎముకకు అడ్డంగా, ఒకటిన్నర అంగుళం ముక్కలుగా కోయించుకోవాలి. అల్లం, ఉల్లికాడలు, ఒక అనాసపువ్వు, కాస్త సోయాసాస్, కొంచెం నీళ్లు పోసి ప్రెషర్ కుక్కర్‌లో పెట్టాలి. లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి ప్రెషర్ వచ్చాక 15-20 నిమిషాల్లో కొల్లాజెన్ దారికొస్తుంది. ప్రెషర్ ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం కూడా కలుపుకోండి, అది ఆకాశం నుంచి ఊడిపడదు. తర్వాత ముక్కలు తీసి, తుడిచి, పళ్లెంలో విడివిడిగా ఆరబెట్టి, కార్న్‌ఫ్లోర్ పలచగా అద్ది, బాగా కాగిన నూనెలో కొన్ని కొన్ని చొప్పున వేయించాలి. అన్నీ ఒకేసారి పడేస్తే నూనె చల్లబడి మళ్లీ ఉడుకుడే. సాస్ వేరే పొయ్యి మీద: సోయాసాస్, వెనిగర్, తేనె, వెల్లుల్లి కలిపి చెంచాకు అంటుకునేదాకా మరిగించాలి. కుక్కర్‌లో ఇప్పటికే ఉప్పదనం పట్టింది కాబట్టి ఇక్కడ సోయాసాస్ దగ్గర చేయి బిగపట్టాలి. వేగిన ముక్కల్ని చివర్లో అందులో ఒక్కసారి కలియబెట్టి, పొయ్యి కట్టేశాకే నువ్వుల నూనె చుక్కలు వేయాలి.

మొత్తం గంట పైమాటే. ముందు రోజు రాత్రే ఉడికించి, చల్లారాక మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచితే పైభాగం ఇంకా బాగా ఆరుతుంది, కరకరా పెరుగుతుంది. మర్నాడు భోజనం వేళకి తమరి 30 నిమిషాలు నిజంగానే సరిపోతాయి. నిన్నటి పనిని మింగేస్తేనే లెండి. ఆ విద్య తమరికి కొత్త కాదు.

ఇంకో చిక్కుంది. సాస్ తగిలాక ఆ కరకర ఎంతోసేపు నిలవదు. ‘భోజనానికి రండి’ అన్న కేక ముక్కలు నూనెలో ఉండగానే పడాలి. ఒకరు ఫోన్ పక్కన పెట్టాలి, ఒకరు స్నానం ముగించాలి, ఒకరు ‘రెండే నిమిషాలు’ అనాలి. ఆ రెండు నిమిషాలు మీ వంశం వాళ్లే కదా, కాస్త మందలించండి.

కోరికలు రెండే. ఒకటి, ముక్కల సైజు రాయకుండా తమ అంకె వేయకండి. రెండు, తేనె సాస్ గట్టిపడి మూకుడుకి అతుక్కుంటుంది చూశారూ, దాన్ని నానబెట్టి తోమే టైమ్ కూడా తమ ఖాతాలోనే రాసుకోండి. లేదంటే ఒకసారి దయచేయండి, స్క్రబ్బర్ సింక్ పక్కనే ఉంది.

ఇట్లు,
కుక్కర్ ప్రెషర్ దిగడం కోసం నిలబడి ఉన్న
ఒక పాఠకురాలు