‘కోల్’ మునగలేదు: ఒక యుద్ధనౌక గురించి తిరుగుతున్న మాటలకు ఖండన

ఎర్ర సముద్రంలో నౌకలపై దాడుల వార్త వచ్చిన ప్రతిసారీ సామాజిక మాధ్యమాల్లో ఒక పాత వాదన మళ్లీ చెలామణిలోకి వస్తుంది. 2000లో యెమెన్‌లోని ఏడెన్ రేవులో ఒక చిన్న పడవ అమెరికా డిస్ట్రాయర్ ‘కోల్’ను ముంచేసిందనీ, నావికులు ఓడను వదిలి ప్రాణాలు దక్కించుకున్నారనీ, దానితో ఇలాంటి పెద్ద యుద్ధనౌకల కాలం చెల్లిపోయిందనీ, ఎవరో పెద్ద అధికారి పేరు పెట్టుకున్న ఆ నౌక చివరకు తుక్కుగా మిగిలిందనీ ఆ వాదన సారాంశం. ఏడెన్‌లో దాడి జరిగిన మాట, అందులో 17 మంది నావికులు చనిపోయిన మాట నిజం. మిగిలినదంతా తప్పు. చనిపోయినవారి గురించి, బతికి ఆ ఓడను కాపాడుకున్నవారి గురించి, ఓడకు పేరిచ్చిన సైనికుడి గురించి ఇంత నిర్లక్ష్యంగా మాట్లాడటం నాకు బాధ కలిగిస్తోంది కాబట్టి ఒక్కొక్క మాటకూ సమాధానం రాస్తున్నాను.

మొదటి మాట, ఓడ మునిగిపోయిందన్నది. 2000 అక్టోబర్ 12న ఉదయం 11 గంటలు దాటాక, ఏడెన్ రేవులో ఇంధనం నింపుకుంటున్న కోల్ ఎడమ పక్కకు పేలుడు పదార్థాలతో నిండిన చిన్న ఫైబర్‌గ్లాస్ పడవ చేరి పేలిపోయింది. దాడి చేసింది అల్ ఖైదా. నీటిమట్టం దగ్గర ఓడ పక్కగోడకు సుమారు 40 అడుగుల వెడల్పున రంధ్రం పడింది. మధ్యాహ్న భోజనానికి నావికులు వరుస కట్టే చోటికి దగ్గరగా పేలుడు జరగడం వల్ల ప్రాణనష్టం ఎక్కువైంది. దాదాపు 40 మంది గాయపడ్డారు. ఒక ఇంజిన్ గది నీటితో నిండిపోయింది, ఓడ ఒక పక్కకు ఒరిగింది, అయినా మునగలేదు. అక్టోబర్ 29న టగ్‌లు (ఓడలను లాగే పడవలు) దాన్ని రేవు నుంచి లోతు నీళ్లలోకి లాక్కెళ్లాయి. అక్కడ ‘బ్లూ మార్లిన్’ అనే నార్వే భారవాహక నౌక దాన్ని తన మీదకు ఎక్కించుకుని అమెరికాకు చేర్చింది. మునిగిందనడానికి సాక్ష్యంగా చాలామంది పంచుకునే ఫొటో, ఒక ఓడ మీద మరో ఓడ కూర్చున్నట్టు కనిపించేది, ఆ ప్రయాణానిదే. బ్లూ మార్లిన్ తన తొట్లలోకి నీరు నింపుకుని డెక్ అనే చదునైన పైభాగాన్ని నీటి కిందికి దించుతుంది, తేలుతున్న ఓడను ఆ భాగం పైకి తెచ్చి నిలబెట్టాక నీరు తోడేసి మళ్లీ పైకి లేస్తుంది. తేలే ఓడ కాబట్టే అది సాధ్యమైంది. అంటే ఆ ఫొటో ఈ వాదనకు సాక్ష్యం కాదు, దానికి వ్యతిరేక సాక్ష్యం.

తుక్కుగా మిగిలిందన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. మిసిసిపీ రాష్ట్రంలోని పాస్కగూలాలో, తాను పుట్టిన ఇంగాల్స్ నౌకా నిర్మాణ కేంద్రానికే కోల్ 2000 డిసెంబర్‌లో చేరింది. సుమారు 25 కోట్ల డాలర్ల ఖర్చుతో మరమ్మతు పూర్తిచేసుకుని 2002 ఏప్రిల్‌లో తిరిగి నౌకాదళంలో పనికెక్కింది, 2003 నవంబర్‌లో మళ్లీ విదేశీ జలాల్లో విధులకు బయలుదేరింది. 2024 అక్టోబర్ 1న ఇరాన్ ఇజ్రాయెల్‌పై క్షిపణులు ప్రయోగించినప్పుడు వాటిని అడ్డుకోవడానికి ఎదురు క్షిపణులు వదిలిన రెండు అమెరికా డిస్ట్రాయర్లలో ఒకటి బల్కెలీ, రెండవది ఈ కోల్.

రెండవ మాట, నావికులు ఓడను వదిలిపోయారన్నది. ఈ వాదన మొత్తంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇదే. దాదాపు 300 మంది సిబ్బందిలో ప్రాణాలతో, కాళ్లమీద నిలబడగలిగిన ప్రతివారూ ఆ ఓడ మీదే ఉండి రోజుల తరబడి నీటితో పోరాడారు. విరిగిన చోట్ల నుంచి పక్క గదుల్లోకి నీరు పాకకుండా దిమ్మలు పెట్టి, చీలికలు మూసి, పంపులతో తోడారు. పేలుడు జరిగిన మరునాటి రాత్రి పరిస్థితి మరింత విషమించింది: జెనరేటర్ ఆగిపోయి ఓడంతా చీకటైంది, ఓడ పంకాను తిప్పే ఇరుసు చుట్టూ ఉండే బిగింపు వదలిపోయి రెండో ఇంజిన్ గదిలోకి కూడా నీరు చొరబడింది. అప్పుడు నావికులు చేతి నుంచి చేతికి బకెట్లు అందించుకుంటూ నీళ్లు తోడారు, పంపు గొట్టం బయటికి పోవడానికి దారి లేకపోతే ఓడ పక్కగోడనే కోసి దారి చేశారు. ఇదంతా విద్యుత్తు లేని ఓడలో, ఏడెన్ ఎండలో, శిథిలాల మధ్య చిక్కుకుపోయిన తోటివారి దేహాలు ఇంకా బయటికి రాకముందే జరిగింది. సహాయానికి ముందుగా చేరుకున్నవి బ్రిటిష్ యుద్ధనౌకలు, వాటి వెనుకే అమెరికా నౌకలు వచ్చాయి, కానీ ఓడను నిలబెట్టిన అసలు పోరాటం దాని సొంత సిబ్బందిదే. అమెరికాలోని నార్‌ఫోక్ నౌకాదళ స్థావరంలో వీరికోసం కట్టిన స్మారకం చుట్టూ 28 పైన్ చెట్లు నాటారు. వాటిలో 17 చనిపోయిన నావికులకు, 11 వారు వెనుక వదిలివెళ్లిన పిల్లలకు గుర్తు.

మూడవది, పెద్ద యుద్ధనౌకల కాలం చెల్లిందన్న వాదన. ఆగి ఉండి, గొట్టాలతో రేవుకు కట్టుబడి, ఎదుటివారు ముందుగా కాల్పులు జరిపితే తప్ప కాల్చకూడదన్న నిబంధనలో ఉన్న ఓడకు జరిగినదాన్ని, సముద్రంలో పూర్తి అప్రమత్తతతో తిరిగే ఓడకు అన్వయించడం సరికాదు. పైగా ఇదే అల్ ఖైదా ముఠా 2000 జనవరిలో ఇదే రేవులో ‘ది సలివన్స్’ అనే డిస్ట్రాయర్ మీదికి పంపిన పడవ బరువు ఎక్కువై దారిలోనే మునిగిపోయింది. భద్రతా లోపాలు ఉన్నాయా అంటే ఉన్నాయి. పాటించాల్సిన జాగ్రత్తలన్నీ ఆ రోజు పాటించలేదని నౌకాదళ విచారణే తేల్చింది, ఓడ అధిపతి కమాండర్ కర్క్ లిపోల్డ్‌కు శిక్ష పడకపోయినా తర్వాత పదోన్నతి దక్కలేదు. ఆ లోపాలను ఎత్తిచూపడం న్యాయమే, వాటి నుంచి నేర్చుకోవలసింది కూడా చాలా ఉంది. దెబ్బతిన్న ఓడను మంటల నుంచి, నీటి నుంచి కాపాడే విద్య ఎంత విలువైనదో 2024 జనవరిలో ఏడెన్ సింధుశాఖలోనే మరోసారి తెలిసింది: క్షిపణి తగిలి కాలిపోతున్న ‘మార్లిన్ లువాండా’ ట్యాంకర్‌లో 22 మంది భారతీయ నావికులు ఉండగా, మన ‘ఐఎన్ఎస్ విశాఖపట్నం’ అగ్నిమాపక బృందం వెళ్లి మంటలు ఆర్పడంలో సాయపడింది.

ఇక పేరు సంగతి. మన డిస్ట్రాయర్లకు విశాఖపట్నం, కోల్‌కతా వంటి నగరాల పేర్లు పెడతారు కాబట్టి మనిషి పేరున్న ఓడ అనగానే అడ్మిరల్ పేరై ఉంటుందని కొందరు, ఏడెన్‌లో చనిపోయినవారిలో ఒకరి పేరని మరికొందరు ఊహించుకుంటున్నారు. ఓడ 1996 జూన్‌లోనే నౌకాదళంలో చేరింది కాబట్టి రెండో ఊహ నిలవదు. మొదటి ఊహకు ఒక మూలం ఉంది: 1919 నాటి మరో కోల్ డిస్ట్రాయర్‌కు మొదటి ప్రపంచ యుద్ధంలో నేలకొరిగిన మేజర్ ఎడ్వర్డ్ కోల్ పేరు పెట్టారు. ఇప్పటి ఓడ పేరు అతనిది కాదు, సార్జెంట్ డారెల్ శామ్యూల్ కోల్‌ది. మిసూరీ రాష్ట్రంలోని ఫ్లాట్ రివర్‌లో 1920లో పుట్టిన ఈ యువకుడు మెరైన్ దళంలో చేరితే అతనికి ఇచ్చిన పని బ్యూగిల్ (సైనికులకు సంకేతాలిచ్చే బాకా) ఊదడం. అది తనకు ఇష్టం లేదని, పోరాడే పని ఇమ్మని అడిగితే, బ్యూగిల్ వాయించేవారి కొరత ఉందని అధికారులు నిరాకరించారు. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో, పసిఫిక్ దీవి గ్వాడల్‌కెనాల్‌లో మెషిన్ గన్ అందుకున్నాడు, మరో దీవి సైపాన్‌లో గాయపడి కూడా తన బృందాన్ని నడిపించాడు. 1945 ఫిబ్రవరి 19న జపాన్ దీవి ఇవో జిమా తీరంలో దిగిన తొలిరోజే, జపాన్ సైన్యపు కాంక్రీటు గూళ్ల నుంచి వచ్చే కాల్పులు తన బృందాన్ని ఆపేసినప్పుడు, ఒక పిస్తోలు, ఒకే గ్రెనేడ్‌తో ఒంటరిగా ముందుకు సాగాడు. విసిరి, వెనక్కి వచ్చి, మరిన్ని గ్రెనేడ్లు తీసుకుని, మళ్లీ వెళ్లి, మూడోసారికి ఆ స్థావరాన్ని పూర్తిగా నాశనం చేశాడు. తిరిగి తన వాళ్ల దగ్గరికి వస్తుండగా శత్రువు గ్రెనేడ్ పేలి చనిపోయాడు. అప్పటికి అతని వయసు 24. మరణానంతరం ఇచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్‌ను, అంటే అమెరికా అత్యున్నత సైనిక పురస్కారాన్ని, 1947లో అతని భార్య అందుకున్నారు.