స్ట్రెస్ పీరియడ్‌లో మా పెదనాయన

భూగర్భ జలాల కంప్యూటర్ మోడళ్లంటే ఊళ్లలో మరీ చులకన అయిపోయింది. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందని ఆరు వందల అడుగులు రిగ్గు దింపించిన మనుషులే, లాప్‌టాప్‌లో గ్రాఫు చూపిస్తే నవ్వుతున్నారు. ఇది అన్యాయం. అందుకని మోడల్ పక్షాన నాలుగు మాటలు చెప్పదలిచాను. నన్నెవరూ అడగలేదు. నీళ్ల విషయంలో అడగకుండా చెప్పడమే మన ఆచారం.

ముందు దాని వంశం చూడండి. 1856లో హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజినీరు ఇసుక నింపిన గొట్టంలోంచి నీళ్లు పంపి, అవి ఎంత జోరుగా దిగుతాయో కొలిచి ఒక సూత్రం రాశాడు. 1935లో అమెరికాలో థైస్ అనే ఆయన దానికి కాలాన్ని కలిపాడు. మోటారు వేసిన ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, నీటిమట్టం ఎంత పడిపోతుందో లెక్క కట్టే దారి చూపాడు. వస్తువుల్లో వేడి పాకే తీరు మీద ఉన్న లెక్కనే నీళ్లకు వాడుకున్నాడు. మా నల్లగొండ పల్లెల్లో ఇది చదువు లేనివాళ్లకూ తెలుసు. పక్క చెలకలో మోటారు వేస్తే మన బోరు గాలి కొడుతుంది. ఆ తర్వాత పాకే వేడికి పంచాయితీ పెట్టుకోవాలి.

1984లో అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు 'మాడ్‌ఫ్లో' అనే ప్రోగ్రాం తెచ్చారు. ప్రపంచమంతా ఇప్పటికీ దాని కొత్త రూపాలనే వాడుతోంది. పైసా ఖర్చు లేదు, ఎవరైనా దించుకోవచ్చు. ఉచిత కరెంటుకు ఉచిత మోడల్. ఇంతకన్నా మంచి సంబంధం దొరకదు.

అది చేసే పని పెద్ద మాయేమీ కాదు. నేలను గళ్లుగా, పొరలుగా కోస్తుంది. ఒక్కో గడిలోకి వచ్చిన నీళ్లెన్ని, పోయినవెన్ని, మిగిలినవెన్ని అని చూస్తుంది. కాలాన్ని కూడా ముక్కలు చేసి, ఒక ముక్క అయ్యేదాకా వానా తోడకమూ మారవు అనుకుంటుంది. ఆ ముక్కకు వాళ్లు పెట్టిన పేరు 'స్ట్రెస్ పీరియడ్'. నేను కల్పించింది కాదు, అసలు పేరే అది. యాసంగి వరి పొట్టకొచ్చినప్పుడు బోరు ఒట్టిపోతే ఎలా ఉంటుందో అమెరికాలో కూర్చుని ఇంత సరిగ్గా ఎలా పట్టుకున్నారో నాకు అర్థం కాదు. కాకపోతే వాళ్లకు ఏడాదికి చాలా పీరియడ్లుంటాయి. మా పెదనాయనకు ఒకటే, జనవరి నుంచి తొలకరి దాకా.

కాలంతో పనే లేని మోడల్ కూడా ఒకటుంది, స్టెడీ స్టేట్ అంటారు. వచ్చిన నీళ్లూ పోయిన నీళ్లూ సమానం, మట్టం కదలదు. ఫైళ్ల ఆరోగ్యానికి చాలా మంచిది. కానీ మా గ్రానైట్ దానికి ఒప్పుకోదు. ఈ బండ తన పరిమాణంలో నూటికి ఒకటి రెండు పాళ్లే నీళ్లు వదులుతుంది. రెండు పాళ్లనుకుంటే, 20 మిల్లీమీటర్ల నీళ్లు ఇంకితే మట్టం ఒక మీటరు లేస్తుంది, అంతే తోడితే మీటరు దిగుతుంది. వరి మడికి ఒక పంటకు వెయ్యి మిల్లీమీటర్ల పైనే పెడతాం. అందులో కొంత మళ్లీ కిందికి దిగుతుందనుకోండి. మిగతా లెక్క మీరే కట్టుకోండి, నేను కడితే పెదనాయన మాట్లాడడు.

ఇలాంటి మోడల్ కోసమే ఒక పరిశోధక విద్యార్థి మా ఊరొచ్చాడు. వాన లెక్క దొరికింది, నేల పటం దొరికింది. దొరకనిది ఒక్కటే, మేం ఎంత తోడుతున్నామో. మీటర్లు లేని మోటార్లు కదా, మనుషుల్నే అడగాలి.

"రోజుకు ఎన్ని గంటలు నడుస్తది పెద్దయ్యా?"

"కరెంటోళ్ల మనిషివా?"

"కాదు."

"తాసీల్దారు పంపిండా?"

"లేదు, యూనివర్సిటీ నుంచి వచ్చిన."

"అయితే మూడు గంటలు రాసుకో."

వెనకాల మోటారు నడుస్తూనే ఉంది. ముందురోజు సాయంత్రం నుంచి.

పెదనాయన అబద్ధాలకోరు కాదు. అడిగిన మనిషిని బట్టి బోరు మారుతుంది, అంతే. కరెంటోళ్లు అడిగితే అది నడవనే నడవదు. కరువు సర్వే వాళ్లు అడిగితే ఎండిపోయింది. పిల్లనిచ్చే వాళ్లు అడిగితే రెండున్నర ఇంచులు పోస్తుంది.

విద్యార్థి మూడు గంటలే వేశాడు. మోడల్‌లో నీళ్లు పైన నిలబడ్డాయి, కొలిచే బోరులో మాత్రం కిందికి పోతున్నాయి. రెంటినీ కలపడానికి వారం రోజులు కూర్చుని, ఇంకే వానను తగ్గించుకుంటూ పోయాడు. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. చివరికి రెండు గీతలూ చక్కగా కలిశాయి. అలా మా ఊళ్లో ఇంకాల్సిన వానలో సగం, పెదనాయన మాట నిలబెట్టడం కోసం, కంప్యూటర్‌లో ఇంకకుండా పోయింది.

దీనికి విరుద్ధంగా గతంలో ఒక అపచారం జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి మా నల్లగొండతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతే నీటిమట్టాలు కొలిపించారు. వాన కొలిచింది వాళ్లే. యాసంగి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేసే పంటకు కావాల్సినవెన్ని అని లెక్కేసి గోడ మీద రాశారు. లాప్‌టాప్ లేదు, స్ట్రెస్ పీరియడ్ లేదు. పైగా ఆ లెక్కలో అబద్ధం చెప్పడం కష్టం, అడిగేవాడి బోరు మన గట్టు పక్కనే ఉంటుంది. ఇలా అయితే నిపుణులు ఏం తిని బతకాలి? అదృష్టవశాత్తూ ప్రాజెక్టు ముగిసింది. ఇప్పుడు గోడల మీద ఏం రాసి ఉంటాయో మీకు తెలుసు.

మోడల్‌లో నాకు బాగా నచ్చిన గుణం ఇంకోటుంది. నీటిమట్టం గడి అడుగు కన్నా కిందికి దిగితే, పాత మాడ్‌ఫ్లో ఆ గడి ఎండిందని లెక్కలోంచే తీసేస్తుంది. అందులో బోరుంటే తోడకం కూడా అంతటితో బంద్. ఎంత మర్యాద! మా దగ్గర ఎండిన గడి ఊరుకోదు. మిత్తికి తెచ్చి, పది గజాల అవతల ఇంకోటి వేస్తుంది. పెదనాయన ఇప్పటికి నాలుగు సార్లు ఎండిపోయి, నాలుగు సార్లూ లెక్కలోకి తిరిగొచ్చాడు. ఎండిన గడిని మళ్లీ తడిపే ఏర్పాటు తర్వాత మాడ్‌ఫ్లోలోనూ పెట్టారు. కాకపోతే పక్క గడిలోనో కింద గడిలోనో నీళ్లుండాలి.

ఇదంతా మొన్న పెదనాయనకు చెప్పాను. బత్తాయి పాదుల్లో మట్టి ఎగదోస్తూ ఊఁ కొడుతున్నాడు. డార్సీకి ఊఁ. థైస్‌కు ఊఁ. మోడల్ అంచుల్లో 'కాన్‌స్టెంట్ హెడ్' అని ఒకటి పెడతారు, అక్కడ ఎంత తోడినా మట్టం అంగుళం కూడా తగ్గదు, మామూలుగా పెద్ద చెరువు దగ్గరో నది దగ్గరో పెడతారని చెప్తుంటే పార ఆగింది.

"మళ్లొకసారి చెప్పు. తగ్గనే తగ్గదా?"

"తగ్గదు. ఎంత తోడినా."

పార గట్టుకు ఆనించి దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అది ఎన్ని ఫీట్లల్ల పడుతదంట?"