ఓవెన్‌లో సీసం, ఆపైన బిస్కెట్లు

విజయనగరంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడున్న ఇంట్లో వంటగదికి కొత్త హోదా వచ్చింది. దాన్నిప్పుడు ల్యాబ్ అనాలి. ఆ సంగతి అమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

విషయం ఏమిటంటే, సర్క్యూట్ బోర్డుకు సోల్డర్ పేస్టు, అంటే పార్టుల్ని అతికించే లోహపు ముద్ద, పూసి, దాని మీద చీమతలంత పార్టులు పేర్చి ఓటీజీలో, అదే ఇంట్లో బిస్కెట్లు కాల్చే చిన్న ఓవెన్లో, కాలుస్తారు. దీన్నే రీఫ్లో అంటారు. తగరం-సీసం పేస్టయితే 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేనిదైతే 217 దాటాలి. ఫ్యాక్టరీల్లో పెద్ద ఓవెన్లు చేసే పనే ఇది, మనకేమీ అభ్యంతరం లేదు.

కంటోన్మెంట్‌లో ఒకరింట ఆ క్రతువు కళ్ళారా చూశాను. కుర్రాడు ఓటీజీ తలుపు సందులోంచి వేడి కొలిచే థర్మోకపుల్ తీగ దూర్చి మీటరు ముందు కూర్చున్నాడు. రిటైరైన తహసీల్దారు తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నూటనలభై... నూటఅరవై..." ఫ్యాను కట్టేశారు, గాలికి పార్టులు కదులుతాయట. ట్యూబ్‌లైటు మార్చాలన్నా ఎలక్ట్రీషియన్ని పిలిచే ఇల్లది! 183 దాటగానే బూడిద రంగు పేస్టు వెండిలా మెరిసింది. తండ్రి కళ్ళు చెమర్చాయి. పేస్టులోని ఫ్లక్సు పొగకే అనుకుంటాను.

"ఏట్రా ఆ కంపు?" అంది తల్లి గుమ్మంలోంచి.

"రీఫ్లో అవుతోందమ్మా."

"మరి పోపెప్పుడు పెట్టుకోమంటావు?"

డేటాషీట్‌లో దానికి జవాబు లేదు.

బోర్డు బయటికొచ్చింది. ఎల్ఈడీ వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. అంతకు మించి అది చేసేదేమీ లేదు. కాసేపటికి అదే ట్రే మీద పలాస జీడిపప్పు బిస్కెట్లు లోపలికెళ్ళాయి. పక్కన చిన్నారి మేనకోడలు చెయ్యి చాపుకుని నిలబడింది.

"అంత వేడికి ఏటీ బతకదు బాబాయ్," అన్నాడు వీడు.

సీసం పురుగట్రా, చావడానికి? అది లోహం. ఆ వేడికి ఎగిరిపోదు. ట్రే మీద చిందిన బొట్టు ట్రే మీదే ఉంటుంది. వేలికంటిన పేస్టు ఓవెన్ పిడికంటుకుని, అక్కణ్ణుంచి పిల్ల నోటికి చేరుతుంది. పిల్లల ఒంట్లో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎదిగే మెదడును పాడుచేసే విషమది. వీడికి తెలియక కాదు. డబ్బా మీది హెచ్చరిక చదివాడు కాబట్టే చేతులకు గ్లౌజులు తొడుక్కున్నాడు. తనకు గ్లౌజులు, పిల్లకు బిస్కెట్లు!

బడికెళ్ళని బామ్మలు బుడితి ఇత్తడి గిన్నెకు కళాయి వేయిస్తూ, కళాయివాడు తగరంలో సీసం కలుపుతాడేమోనని ఎండలో పీటేసుకుని కాపలా కూర్చునేవారు. వాళ్ళ మనవడు సీసాన్ని ఆన్‌లైన్లో ఆర్డరిచ్చి మరీ వంటింట్లోకి తెచ్చాడు.

ఆ ఓవెన్ మీద పుర్రె బొమ్మ వేసి మేడ మీదికి మార్చు, అమ్మకు వేరేది కొనిపెట్టు అన్నాను. డబ్బుల్లేవట. థర్మోకపుల్‌కూ, మీటరుకూ, ఓవెన్ను ఆన్ ఆఫ్ చేసే రిలేకూ మాత్రం ఉన్నాయి.