ఫోన్ పక్కన పెట్టనిచ్చేదెవరు?
రాత్రి ఫోన్ దూరంగా పెడితే మనసు కుదుటపడుతుందని ఒక వ్యాసంలో చదివాను. నిజమే, కానీ పెట్టనివ్వాలి కదా. మా తమ్ముడు విశాఖలో రుషికొండ వైపు ఒక ఐటీ ఆఫీసులో చేస్తాడు. ఇంటికొచ్చాక కూడా టీమ్ వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంటుంది. అన్నం తింటుంటే ఎడమచేతిలో ఫోన్. అర్ధరాత్రి మోగకపోయినా మోగినట్టు అనిపించి లేచి చూసుకుంటాడు. ఆ టెన్షన్‌తో నిద్ర కరువైంది, మాట కరుకైంది. ఏదైనా అడగాలంటే అమ్మ జంకుతోంది.

ఇది వాడి క్రమశిక్షణ లోపం అంటే నేను ఒప్పుకోను. పని వేళలు దాటాక ఫోన్‌కు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టంలో ఉంది. మన లోక్‌సభలో 2018లో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యులు పెట్టేది) పెట్టారు, అది చట్టం కాలేదు.

నెల రోజులుగా ఆదివారం తెల్లవారుజామున వాణ్ణి బీచ్ రోడ్డుకు తీసుకెళ్తున్నాను. ఫోన్లు ఇంట్లోనే. మొదటి రోజు కాళీమాత గుడి దాటేదాకా జేబు తడుముకుంటూనే ఉన్నాడు. మొన్న వల లాగుతున్నవాళ్ల దగ్గర అరగంట నిలబడిపోయాడు, చాలా రోజులకు నవ్వాడు.

మీ ఇంట్లోనూ ఇలా నలిగిపోతున్నవాళ్లుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.